పాఠశాలయందు పెద్దపిల్లల పెత్తనము

క్రీ. శ. 1797వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున పాఠశాలల చరిత్రకు సంబంధించిన రెండు సంగతులు జరిగినవి. లండను నగరమున నొక చిన్నపుస్తకము అచ్చుపడెను. దానిని రచించినవాడు అంతకు ముందటి సంవత్సరమే చెన్నపట్టణము విడిచి స్వదేశమునకు మరలిన ఆండ్రూ బెల్ అను మతగురువు. ఉపాధ్యాయుడు పైనుండి కనిపెట్టి చూచుచున్నచో పాఠశాలలోని బాలురు ఒకరికొకరు చదువు చెప్పుకొనగలరనియు, ఒకరి నడవడి నొకరు దిద్దుకొనగలరనియు ఆయన అందు ప్రతిపాదించెను. ఆ సంవత్సరమే నవంబరు మాసమున రగ్బీ అను పట్టణమందలి ఉన్నతపాఠశాలలో పెద్దతరగతుల విద్యార్థులు ప్రధానోపాధ్యాయుని గది తలుపును తుపాకిమందుతో పేల్చివేసిరి. వారి నణచుటకు సైనికులను పిలువవలసివచ్చెను.

ఈ రెండు సంగతులకును ప్రత్యక్షసంబంధ మేమియు లేదు. బెల్ చెప్పినది మన దేశమున అనాథబాలుర బడిలో పుట్టిన పద్ధతి. రగ్బీలో చదివినవారు కలిగినయింటి బిడ్డలు. అయినను రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము తేటపడుచున్నది. పిల్లలు గుంపుగా చేరినచోట వారిలో పెద్దలు, పిన్నలు ఏర్పడక మానరు. పెద్దపిల్లవానికి పిన్నవానిపై అధికారము మన మిచ్చినను ఇవ్వకున్నను ఉండనేయుండును. ఆ యధికారమునకు ఒక పని చూపి, దానిపై నొక కన్ను వేసియుంచినచో అది చదువునకు తోడగును. చూపకున్నచో అది పిన్నవారి మీదనో, తుదకు ప్రధానోపాధ్యాయుని తలుపు మీదనో విరుచుకొనిపడును.

ఇది వట్టి పూర్వకథయని పాఠకులు తలపవలదు. మీ యింటి బిడ్డ బడిలో గడపు ఏడెనిమిది గంటలలో ఉపాధ్యాయుని దృష్టి ఆ బిడ్డపై నిలుచునది ఎన్ని నిమిషములు? తక్కిన కాలమంతయు ఆ బిడ్డ తోడిపిల్లల చేతిలో నున్నట్లే. వసతిగృహమున నుంచి చదివించుచున్నచో రాత్రియు అంతే.

బెల్ పద్ధతికి మూలము మన వీథిబడి. ఆ బడి యెట్లుండెనో తెలిసికొనుటకు మనకొక మంచి యాధారము కలదు. చెన్నపట్టణపు గవర్నరుగానుండిన సర్ థామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన జిల్లా కలెక్టరులందరిని తమ తమ జిల్లాలలోని పాఠశాలల లెక్కలు పంపుడని కోరెను. వచ్చిన జవాబులలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగష్టులో వ్రాసినది మిక్కిలి వివరమైనది. ఈ క్యాంబెల్ తెలుగుభాషకు వ్యాకరణమును (1816), నిఘంటువును (1821) రచించినవాడు. కావున మన బడులను వట్టి పరదేశివలె చూచినవాడు కాడు. నేటి అనంతపుర ప్రాంతము ఆనాడు బళ్ళారిజిల్లాలోనిదే. జిల్లామొత్తమున 533 బడులుండగా, కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226. చదువువారు 6,641 మంది. జనసంఖ్య తొమ్మిదిలక్షలకు పైబడియుండెను.

ఉదయము ఆరుగంటలకు బడి తెఱచెడివారట. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైని వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. శ్రీ, చుక్క యని మన తాతలు చెప్పుకొనుచుండినది ఈ యాచారమునే. లెక్క ప్రకారము సాగించినచో ముప్పదవవానికి ఇరువదియెనిమిది దెబ్బలు పడవలెను. అంతవఱకు ఏ పంతులుగారికిని ఓపిక యుండదని నా నమ్మకము. సోమరిపిల్లలను చేతులుకట్టి కప్పునుండి వ్రేలాడదీయుటయు, ఎడతెగక లేచి కూర్చుండజేయుటయు క్యాంబెల్ చూచి వ్రాసెను. మొదటిది కోదండము, రెండవది గుంజిళ్ళు. రెండవదానిని గూర్చి ఆయన, అది మిగుల బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచిదే కావచ్చునని యొక మాట చేర్చెను! కలెక్టరుగారు తాము తీసి చూచినట్లు లేదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. పిల్లలను సాధారణముగా నాలుగు తరగతులుగా విభజించి, పైవారికి పంతులు తానే చెప్పుచు, క్రిందివారిని పెద్దపిల్లల కప్పగించి, బడియంతటిపైని ఒక కన్ను వేసియుంచెడివాడు. ఓనమాలు నేలపై ఇసుకలో వ్రేలితో దిద్దించుట వలన కాగితపు వ్యయము లేదు. ముందు నేర్చినవాడు వెనుకటివానికి చెప్పుటవలన వెనుకటివానికి చదువు వచ్చును, ముందటివాని చదువు గట్టిపడును. ఈ యేర్పాటు మెచ్చదగినదనియు, ఇంగ్లండులో దీని ననుకరించుట తగియున్నదనియు క్యాంబెల్ వ్రాసెను. అయితే ఆయన మెచ్చికోలుతో ఆగలేదు. పిల్లలు చదువు పద్యములు వాడుకభాషకు దూరములగుటచే అర్థము తెలియక వల్లించుచున్నారనియు, తలిదండ్రుల పేదఱికముచే బడులు క్షీణించుచున్నవనియు కూడ చెప్పెను. ఆ 6,641 మందిలో హిందూబాలికలు 60 మంది మాత్రమే. వీథిబడిని గూర్చి పొగడుకొనునపుడు ఈ యంకెను ప్రక్కన వ్రాసికొని పొగడుట మంచిది.

ఇక బెల్ సంగతి. ఆయన స్కాట్లండునందు సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1753లో జన్మించెను. 1787లో చెన్నపట్టణము చేరి, రెండేండ్లకు ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర శరణాలయమునకు అధ్యక్షుడై, ఆ పనికి జీతము పుచ్చుకొనక నడపెను. అందలి బాలురు తెల్లసైనికుల సంతానము. వారి తల్లులు చాలవఱకు ఈ దేశపు స్త్రీలు. ఇటు తల్లివైపువారికిని, అటు తండ్రివైపువారికిని అక్కఱలేని బిడ్డలు. వారికి చదువు చెప్పుటకు నియమింపబడిన కొద్దిమందికి ఆ పనియం దిష్టము లేదు, నేర్పును లేదు. ఇట్లుండగా ఒకనాటి ఉదయము బెల్ గుఱ్ఱముపై పోవుచు, ఒక దేశీయుల బడిలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచెను. బడికి మరలివచ్చి క్రిందితరగతికి ఆ రీతిగా చెప్పుమని ఉపాధ్యాయుని ఆజ్ఞాపించెను. ఆ యుపాధ్యాయుడు అది సాగుపని కాదనెను. (క్రొత్తపద్ధతి ఏది వచ్చినను మేము మొదట చెప్పుమాట ఇదియే.) అప్పుడు బెల్ పెద్దవారితో వాదింపక, ఒక సామాన్యసైనికుని కొడుకగు జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి, అక్షరములు నేర్చు పిల్లలను వాని కప్పగించెను. ఉపాధ్యాయుడు కాదన్నదానిని బాలుడు సాధించెను.

అక్కడినుండి బడి స్వరూపమే మాఱెను. ప్రతి తరగతికిని బాలురలోనుండియే ఒక బోధకుడు, వానికి సహాయులు. తరగతిలోని తక్కినవారిని ఇద్దరిద్దరినిగా జతపఱచి, తెలిసినవాని ప్రక్కను తెలియనివానిని కూర్చుండబెట్టి, వీని చదువునకు వాడు పూచీ యనెను. ఈ జత కట్టుటలోనే బెల్ గొప్పతన మున్నదని నేను తలంచుచున్నాను. బడిలో వెనుకబడిన పిల్లవాడు సామాన్యముగా ఎవరికిని చెందనివాడు. వాడు వెనుకబడినట్లు పరీక్షనాడుగాని తెలియదు. తెలిసిననాడు కోపము తప్ప మఱేమియు చేయుటకు వ్యవధి యుండదు. బెల్ బడిలో వాని లోటు ఆనాడే, ఆ గంటలోనే, ఒక తోడిబాలునికి తెలియుచుండెను.

నడవడికి ఆయన చేసిన యేర్పాటు ఇంకను చిత్రమైనది. తప్పులు వ్రాయుట కొక పుస్తకముంచిరి. దానికి నల్లపుస్తకమని పేరు. ఎవరైన చేయరాని పని చేసినచో వెంటనే దండింపక అందు వ్రాసియుంచెడివారు. వారమున కొకసారి బడి యంతయు కూడగా ఆ పుస్తకమును చదువుదురు. తప్పు చేసెనన్నవాడు తన సమాధానము చెప్పుకొనును. బాలురలోనుండి యేర్పడిన పంచాయతి విని తీర్పు చెప్పును. వారమాగుటవలన కోపము చల్లారును. అందరియెదుట విచారించుటవలన చాడీలకు చోటుండదు. తన యీడువారే తప్పనినపుడు కలుగు సిగ్గు బెత్తపుదెబ్బకంటె లోతుగా దిగును. ఈ పద్ధతివలన దెబ్బల యవసరము చాల తగ్గినదని బెల్ చెప్పుకొనెను. మన వీథిబడినుండి ఇసుకను, పెద్దపిల్లవానిని గ్రహించి, కోదండమును ఇక్కడనే విడిచిపోయినాడని చెప్పవచ్చును.

ఆ పద్ధతికి ఇంగ్లండులో పట్టిన గతిని క్లుప్తముగా చెప్పెదను. జోసెఫ్ లాంకాస్టరు అను యువకుడు 1798లో లండనులో బడి పెట్టి ఇటువంటి పద్ధతినే అవలంబించెను. ఒక్క ఉపాధ్యాయుడు, వందలకొలది పిల్లలు, నడుమ చిన్న చిన్న నాయకులు: ఇంత చౌకగా చదువు దొరకుననగా ధనికులు మురిసిపోయిరి. 1811లో బెల్ పద్ధతిని వ్యాపింపజేయుటకు ఒక పెద్దసంఘమే యేర్పడెను. కాని చౌకదనము ప్రధానమైనపుడు పూచీ పోయి యంత్రము మిగిలెను. పొద్దున తాను నేర్చినదానిని పగటికి ఇతరులకు అప్పగించు పదేండ్ల బాలుడు ఏమి బోధింపగలడు? లాంకాస్టరు కొరడాకు విరోధియే. అయినను తప్పుచేసిన పిల్లల మెడకు కఱ్ఱదుంగ కట్టించెను, బుట్టలో కూర్చుండబెట్టి కప్పునుండి వ్రేలాడదీయించెను, క్రిందనున్నవారు చూచి నవ్వవలెనని. కోదండము మన బడులలో మాత్రమే యుండెననుకొనువారు దీనిని గమనింతురుగాక. 1846లో ప్రభుత్వము వయసు వచ్చిన శిష్యోపాధ్యాయులను జీతమిచ్చి నియమించు పద్ధతి తెచ్చుటతో చిన్ననాయకుల కాలము క్రమముగా ముగిసెను.

రగ్బీకి పోవుదము. అక్కడి తిరుగుబాటునకు హేతువు చాల స్వల్పము. ఒక బాలుడు వసతిగృహపు కిటికీలమీదికి పిస్తోలు కాల్చుచుండగా ప్రధానోపాధ్యాయుడగు ఇంగ్లిస్ పట్టుకొని, మందు నీ కెవరమ్మిరని యడిగెను. బాలుడు ఊరిలోని యొక వర్తకుని పేరు చెప్పెను. వర్తకుని పిలిచి యడుగగా నేనమ్మలేదనెను. తన పద్దుపుస్తకమున ఆ యమ్మకమును తేయాకని వ్రాసికొనియుండెను. పెద్దమనిషి మాట నిజమైనది, బాలుని మాట అబద్ధమైనది. బాలునికి కొరడాదెబ్బలు పడెను. తోడివారు పోయి వర్తకుని కిటికీయద్దములను పగులగొట్టిరి. ఆ నష్టమును అయిదవ, ఆరవ తరగతులవా రందరును చెల్లింపవలెనని ఇంగ్లిస్ శాసించెను. వారు చెల్లింపమని సంతకములు చేసిరి. తలుపు పేలినది అటుతరువాత. బల్లలును పుస్తకములును మైదానమున కుప్పవేసి కాల్చిరి. ఊరిలో నున్న సైనికులు రాగా, బాలురు చుట్టును నీటికందకముగల యొక దిబ్బపైకి చేరి నిలిచిరి. ముందువైపున అల్లరిమూకలను చెదరగొట్టు చట్టమును చదివి వినిపించుచుండగా, సైనికులు వెనుకవైపున నీటిలో దిగి దిబ్బనెక్కి అందరిని పట్టుకొనిరి. కొందరిని బడినుండి వెడలగొట్టిరి, కొందరిని కొట్టిరి. నాయకులలో నొకడగు విలోబీ కాటన్ తరువాత సేనాపతియై ఆఫ్ఘనుయుద్ధమున పనిచేసెను. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వేఱు. ఈ యల్లరినాటికి ఆయన పుట్టనేలేదు.

ఈ కథలో తుపాకిమందుకంటె నన్ను బాధించునది మొదటిమాట. బాలుడు నిజమే చెప్పెను. ఆ నిజమును విచారించు చోటు ఆ బడిలో లేదు. పిల్లలందరికిని నిజము తెలియును, ప్రధానోపాధ్యాయుని కొక్కనికే తెలియదు. ఇట్టి బడిలో చదువెంత జరిగినను భద్రత యుండదు.

ముప్పదియొక్క సంవత్సరముల తరువాత, 1828లో, అదే బడికి థామస్ ఆర్నాల్డు ప్రధానోపాధ్యాయుడై వచ్చెను. 1842లో నలువదియేడేండ్లు నిండుటకు ఒక్కదినము ముందుగా మరణించువఱకు అక్కడనే యుండెను. ఆయనకు పూర్వము కూడ ఆరవతరగతివారికి చిన్నవారిపై అధికారముండెను. చిన్నవారు పెద్దవారికి ఊడిగము చేయుటయు నుండెను. ఆర్నాల్డు దానిని తీసివేయలేదు. ఆ యధికారమునకు యజమానిని కల్పించెను. ఆరవతరగతివారిని తానే బోధించి, ఈ బడి మంచిచెడ్డలు మీ చేతిలో నున్నవని వారితో చెప్పుచుండెను. వారియందు తనకు నమ్మకమున్నంతవఱకు ఇంతకు మించిన పదవి తనకు అక్కఱలేదనియు, వారు తోడుపడనినాడు తాను వెడలిపోవలసినదే యనియు ఆయన భావము. బాలుడు చెప్పినమాటను ఆయన నమ్మెడివాడు. నమ్మువానితో అబద్ధమాడుట సిగ్గుచేటన్న యభిప్రాయము క్రమముగా బాలురలోనే వ్యాపించెను. ఇంగ్లిస్ కాలమునకును దీనికిని గల భేదము ఇది.

అంతటితో ఆగినచో అది వట్టి ఉపన్యాసమై యుండును. ఆర్నాల్డు డబ్బుసంగతి కూడ చూచెను. అంతకు పూర్వము సహాయోపాధ్యాయులకు జీతము చాలక చర్చిలలో వేఱు ఉద్యోగములు చేసికొనుచుండిరి. జీతములు పెంచి ఆ యుద్యోగములను మానిపించి, బాలురుండు వసతిగృహములను ఊరివారి చేతినుండి తప్పించి ఉపాధ్యాయుల యధీనము చేసెను. రాత్రివేళ బాలుని జ్వరము తెలిసికొనువాడును, పగటివేళ పాఠము చెప్పువాడును ఒక్కడే యయ్యెను. బడివలన మేలు పొందక కాలము గడపుచున్న బాలుని అల్లరిపాలు చేయక, తలిదండ్రులకు జాబు వ్రాసి ఇంటికి తీసికొనిపొమ్మనుచుండెను.

ఆయన దోషములను మఱుగుపఱుపరాదు. అబద్ధము, త్రాగుడు, మొండిసోమరితనము అను వానికి క్రిందితరగతుల బాలురను కొట్టవచ్చునని 1835లో వ్యాసము వ్రాసి సమర్థించెను. ఒక బాలుడు అబద్ధమాడినాడని భ్రమించి తానే పదునెనిమిది దెబ్బలు కొట్టి, నిజము తెలిసినతరువాత క్షమాపణ చెప్పుకొనెను. ఆరవతరగతివారి చేతిలో కూడ బెత్తముండెను. ఊడిగమున్నచోట క్రౌర్యమును ఉండెను. ఆ బడిలోనే 1834 మొదలు 1842 వఱకు చదివిన థామస్ హ్యూజెస్ 1857లో ప్రకటించిన టామ్ బ్రౌన్ నవలలో పిన్నవానిని నిప్పుదగ్గఱ నిలిపి కాల్చిన పెద్దపిల్లవాడు కనబడును. అదే నవలలో అల్లరివాడగు టామ్ చెడిపోవుచున్న సమయమున, బలహీనుడగు ఒక క్రొత్తబాలుని వానికి అప్పగింతురు. పిన్నవానిని కాపాడబోయి పెద్దవాడు తాను బాగుపడును. ఇది నవలలోని కల్పన. కాని ఎగ్మూరులో బెల్ వరుసగా జతలుకట్టి చేసినపని ఇదియే కదా!

ఆర్నాల్డు నాలుగవకుమారుడు విలియం పంజాబునందు ప్రజావిద్యాశాఖకు మొదటి డైరెక్టరయ్యెను. రగ్బీ నమూనా అజ్మీరులోని మేయో కాలేజివంటి రాజకుమారుల బడులకు దిగుమతియైనది. కాని సామాన్యప్రజల ఉన్నతపాఠశాలకు వచ్చినది వేఱు. 1854 నాటి విద్యాశాసనము తరువాత మన మండలములలో ఉన్నతపాఠశాలలు పెరిగినవి, ఇన్‌స్పెక్టరులు వచ్చిరి, పరీక్షలో ఎందఱు కృతార్థులైరో లెక్కించి బడికి ధనసహాయము చేయు పద్ధతి చెన్నరాజధానిలో కొంతకాలము నడచెను. ఉపాధ్యాయుని చూపు పిల్లవానినుండి పట్టికకు తిరిగెను. వీథిబడి పెద్దపిల్లవాడు, ఎగ్మూరు బోధకుడు, రగ్బీ ఆరవతరగతివాడు, ఈ మువ్వురి వారసుడు మన తరగతిలో ఎవరనగా, క్లాసులీడరు. వాని పని యేమి? ఉపాధ్యాయుడు లేనపుడు మాట్లాడినవారి పేర్లు నల్లబల్లపై వ్రాయుట.

పాఠకులలో ఈ నల్లబల్ల నెఱుగనివారుండరు. ఇది బెల్ నల్లపుస్తకమునకు దూరపుబంధువు. కాని ఎంత క్షీణించినది! వ్రాయుట మిగిలినది, విచారణ పోయినది. పేరు వ్రాయబడినవాడు సమాధానము చెప్పుకొనుట లేదు. వ్రాసినవానికి పగవాడెవడు, స్నేహితుడెవడు అన్నది అందరికిని తెలియును, లోనికి వచ్చిన ఉపాధ్యాయుని కొక్కనికే తెలియదు. పెద్దపిల్లవానిని మనము బోధకునిగా, కాపరిగా ఉంచుకొనక, చాడీలు చెప్పువానిగా మాత్రము ఉంచుకొంటిమి. తోడివానికి లెక్క చెప్పువాని పేరు ఏ బల్లపైనను వ్రాయబడుట నేను చూడలేదు.

ఇంతలో చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2002లో పాఠశాలలయందు దేహదండనమును నిషేధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున దేశమంతట దేహదండనమును, మానసికవేధింపును కూడ నిషేధించెను. దీనిని నేను మనసార ఆహ్వానించినవాడను. కాని ఉపాధ్యాయుల విశ్రాంతిగదిలో నేటికిని వినబడుమాట, బెత్తము పోయినది గనుక భయము పోయినది, భయము పోయినది గనుక చదువు పోయినదని. వారు రగ్బీకథ చదువలేదు. 1797లో అక్కడ బెత్తమునకు కొదువ లేదు. బెత్తమును తీసిన చోటున ఏమి యుంచవలెనని యెవరును చెప్పకపోవుట మాత్రము నిజమైన లోటు. పెద్దలు విడిచిన స్థలమును పెద్దపిల్లలు ఎట్లాక్రమింతురో తెలుపుటకు ఆంధ్రప్రదేశమున 1997లో ర్యాగింగును నిషేధించుచు ప్రత్యేకచట్టము చేయవలసివచ్చుటయే చాలును. సరిగా రెండువందల యేండ్లకు!

1971లో నల్లగొండజిల్లా సర్వేలులో మొదటి గురుకులపాఠశాల స్థాపింపబడెను. అటుపిమ్మట రెండు తెలుగురాష్ట్రములలోను గురుకులములు వందలుగా వృద్ధియైనవి. పేదయింటి ఆడపిల్లలు వేలకొలది అక్కడ చదువుకొనుచున్నారు. బళ్ళారి పట్టికలోని అరువదిమందిని తలచుకొన్నచో ఇది సామాన్యమైన మార్పు కాదు. కాని రాత్రి తొమ్మిదిగంటలకు దీపములార్పినపిమ్మట, నలువదిమంది పండుకొను గదిలో ఆఱవతరగతి బిడ్డకు కడుపునొప్పి వచ్చినచో మొదట ఎవరిని లేపును? పదవతరగతి అక్కను. ఆ యక్కకు మనమేమి నేర్పితిమి? ఎవరికి చెప్పవలెనో, ఏది తాను దాచరానిదో, ఏది తన పనికాదో ఆమెకు తెలియునా? ఆమె చేతికి అధికారమిచ్చి శిక్షణ ఇవ్వకున్నచో చిన్నదానిచేత బట్టలుతికించుకొనును. శిక్షణ యిచ్చినచో ప్రాణము కాపాడును. బిడ్డ ఒక్కటియే ఈ రెంటికిని తగినది.

డబ్బు పుచ్చుకొని ర్యాంకులు తెచ్చు విద్యాసంస్థలలో జరుగుచున్నది మఱియొక రకము. నెలనెలకును పరీక్ష పెట్టి, మార్కులనుబట్టి తరగతులను విడదీసి, తెలిసినవారిని ఒకగదిలోను తెలియనివారిని మఱియొకగదిలోను కూర్చుండబెట్టుదురు. తలిదండ్రులు దీనిని మెచ్చుకొందురు. బెల్ కన్నులతో చూచినచో ఇది జతను నఱకుట. క్రిందిగదిలోని పిల్లవానికి ప్రక్కన అడుగదగినవాడు లేడు. పైగదిలోనివానికి ఎవరికిని చెప్పు అవసరము లేదు, ప్రక్కవాడు తోడు కాడు, పోటీదారుడు. అట్టిచోట ఒక బిడ్డ నాలుగుదినములు అన్నము తినకున్నను, తలుపు వేసికొని యేడ్చినను గమనించు బాధ్యత ఏ తోడివానిదియు కాదు. ఈ సంస్థలనుండి అప్పుడప్పుడు వచ్చు దుఃఖవార్తలు చదివినపుడెల్ల, చదువు భారమెంత యని అందరును అడుగుదురు. ఆ బిడ్డ ప్రక్కమంచమున ఎవరుండిరని కూడ అడుగవలెను.

బెల్ 1832లో మరణించుచు తన ధనములో పెద్దభాగమును విద్యకే విడిచెను. ఆ ధనముతో ఆయన పుట్టిన పట్టణమున 1833లో తెఱచిన ఉన్నతపాఠశాల నేటికిని నడచుచున్నది. దాని పేరు మద్రాసు కాలేజి. ఇసుకలో వ్రాయు పిల్లలను ఏ యూరిలో చూచెనో ఆ యూరి పేరు స్కాట్లండు పిల్లల నోట నేటికిని పలుకుచున్నది. ఆ పిల్లలు నేర్పిన పద్ధతి మాత్రము మన బడులలో పలుకుట మానినది.

నేను బోధించు తొమ్మిదవతరగతిలో నిరుడు నల్లబల్లపై పేర్లు వ్రాయుట మానిపించి, ఒక నోటుపుస్తకముంచితిని. శనివారము చివరిగంటలో దానిని చదువుదుము; ముగ్గురు బాలికలు, ముగ్గురు బాలురు విందురు. ఆర్నెల్లకొకసారి వారు మాఱుదురు. మొదటివారములలో వారు చెప్పిన శిక్షలు నావానికంటె కఠినముగా నుండెడివి. తగ్గించుటయే నాపని యయ్యెను. క్రమముగా వారు శిక్షకు ముందు ప్రశ్నలడుగ నేర్చిరి. ఒక బాలుని పేరు ఆలస్యముగా వచ్చినందుకు తొమ్మిదిసార్లు వ్రాయబడియుండెను. విచారింపగా వాడు తెల్లవాఱుజామున ఇంటింటికి పాలపొట్లములు వేసి, చెల్లెలిని అంగనవాడిలో దింపి వచ్చుచున్నాడని తేలినది. రెండేండ్లుగా వాని హాజరుపట్టి నాచేతిలోనే యున్నది. మొదటిగంట పాఠమును వాని ప్రక్కబాలిక రెండవప్రతి వ్రాసి ఇయ్యవలెననియు, అర్థముకానిది మధ్యాహ్నభోజనమువేళ చెప్పవలెననియు తీర్పైనది. ఆమె వ్రాసి యిచ్చుచున్నది. సంస్కృతపదములలో అక్షరదోషములు కొన్ని దొరలుచున్నవి. వానిని దిద్దుట నావంతు.